డ్రమ్ములో పోసిన ఒడిబియ్యం

నేను దిగిపోయిన కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి పోయిన వారం ఫోన్ చేసింది. "మేడం, విదేశాల నుంచి వచ్చే వాలంటీర్లను చూసుకోవడమే నా పని అన్నారు. అసలేం చూసుకోవాలి?" అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను గానీ, ఎంతకీ ఒడవలేదు. మా ఆయన టీ చల్లారిపోతోందని ఒకసారి, చల్లారిపోయిందని ఇంకోసారి వచ్చి చెప్పి వెళ్ళాడు. ఇది ఫోన్లో తెమిలే పని కాదని ఇట్లా కూర్చుని రాస్తున్నాను. టీ మళ్ళీ పెట్టించుకున్నాను.

నా పేరు సుగుణ. ఎల్లారెడ్డిలో, బడి మధ్యలో మానేసిన పిల్లల కోసం ఒక సంస్థ నడిపే చిన్న బడిలో పనిచేశాను. మా పిల్లల తల్లులు బీడీలు చుడతారు. తండ్రుల్లో కొందరు గల్ఫ్‌లో ఉంటారు, కొందరు చెరుకు నరకడానికి మహారాష్ట్ర పోయి వస్తుంటారు. ఏడో తరగతి దాకా మా దగ్గర చదువు. ఆ తర్వాత కామారెడ్డిలో హాస్టల్ బడి. మొదట నేను మామూలు టీచర్నే. నాకు ఇంగ్లీషు కాస్త వచ్చునని ఎవరో ఆఫీసులో చెప్పారట, విదేశీ వాలంటీర్లను నా నెత్తిన పెట్టారు. ఆ బరువు దించుకోవడానికి చివరికి రిటైరే కావలసి వచ్చింది. ఊళ్ళో నన్ను సుగుణ టీచర్ అనేవాళ్ళు తక్కువ, తెల్లోళ్ళ టీచరమ్మ అనేవాళ్ళే ఎక్కువ.

వచ్చేవాళ్ళు

ముందు ఒక మాట గుర్తుపెట్టుకో. మన పిల్లలకు చదువు చెప్పడానికి ఇంత దూరం వచ్చేవాళ్ళలో చెడ్డవాళ్ళను నేను చూడలేదు. తొందరపడేవాళ్ళను మాత్రం చాలామందిని చూశాను. జోనాస్ అని జర్మనీ కుర్రాడు వచ్చాడు. బంగారం లాంటివాడు. దిగిన రోజే సంచీ విప్పి పిల్లలందరికీ చాక్లెట్లు పంచాడు. రెండు వారాలు ఆడించి, పాడించి వెళ్ళిపోయాడు. అతని తర్వాత వచ్చిన అమ్మాయి గేటు దగ్గర నమస్కారం పెట్టగానే మా రెండో తరగతి మొత్తం ఆమె సంచీ చుట్టూ మూగి "ఏం తెచ్చినవ్?" అని అడిగింది. ఆ అమ్మాయి పాపం పుస్తకాలు తెచ్చింది. పిల్లల ముఖాలు చూసి ఆమె ముఖం, ఆమె ముఖం చూసి నా ముఖం వాడిపోయాయి.

కాబట్టి రెండు వారాలకు వచ్చేవాళ్ళను పిల్లలకు అప్పజెప్పకు. గోడలకు రంగులు వేయించు. మన గోడలకు ఎప్పుడూ రంగు కావాలి, వాళ్ళకూ ఎండలో పనిచేశామన్న తృప్తి ఉంటుంది. నెలల తరబడి ఉంటామన్నవాళ్ళను కూడా మొదటి పది రోజులు పాఠం చెప్పనివ్వకు. వెనక బెంచీలో కూర్చోబెట్టు. కూర్చోలేక విసుక్కునేవాళ్ళు పాఠం కూడా విసుగ్గానే చెబుతారు.

ఇంకొకటి. వెళ్ళే రోజున పిల్లలు గేటు పట్టుకుని ఏడుస్తుంటే పొంగిపోయి ఫోటోలు తీసుకునే వాలంటీరు నాకు నచ్చడు. ఆ ఏడుపు తర్వాత వారం రోజులు మనం తుడవాలి. మంచివాళ్ళు నెల ముందునుంచే పిల్లలకు చెబుతూ, పాఠం కొంచెం కొంచెంగా మన టీచర్లకు అప్పగిస్తూ, పెద్దగా చప్పుడు లేకుండా వెళతారు. అట్లాంటివాళ్ళు తక్కువ. వాళ్ళలో ఒకామె గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మా సారు

ఆమెకన్నా ముందు మా సారు గురించి చెప్పాలి. ప్రసాదరావు గారు గోదావరి ప్రాంతం మనిషి. కామారెడ్డి ఆఫీసులో మా అందరికీ పైవారు. మనసు మెత్తన, చేతిలో ఫోన్ ఎప్పుడూ వెచ్చన. పిల్లవాడు ముక్కు చీదినా ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. "సుగుణ గారూ, చేసిన పని నలుగురికీ కనపడాలండీ" అనేవారు. నేను ఎన్నోసార్లు ఎదురు చెప్పాను. ఆయన ప్రతిసారీ ఓపిగ్గా విని, నేను చెబుతుండగా కూడా ఒక ఫోటో తీసేవారు.

ఆయన పెట్టిన నియమాల్లో ఒకటి మాత్రం నాకు చాలా ఇష్టం. వాలంటీర్లు ఊరివాళ్ళ దగ్గర కానుకలు తీసుకోకూడదు, ఎవరైనా బలవంతంగా ఇస్తే అది బడికి చెందుతుంది. పేదవాళ్ళు అప్పుచేసి మరీ పట్టుచీరలు పెట్టిన సందర్భాలు చూశాం కాబట్టి అది అవసరమే. ఆ మంచి నియమమే మా కొంప ముంచబోయింది.

మార్గవ్వ

మార్గరెట్ స్కాట్లాండ్ నుంచి వచ్చింది. అక్కడ చిన్నపిల్లల టీచరుగా చేసి రిటైరైంది. అరవై దాటిన మనిషి, పొడుగ్గా, ఎండకు టమాటాలా కందిపోయి ఉండేది. జూన్‌లో వచ్చి వేసవి సెలవుల ముందు దాకా ఉంటానంది. వెనక బెంచీలో పది రోజులు కూర్చోమంటే నెల కూర్చుంది. పిల్లలకు మార్గరెట్ అనడానికి నోరు తిరగలేదు. మార్గవ్వ అన్నారు. ఆమెకు ఆ పేరు ఎంత నచ్చిందంటే ఫోన్ ఎత్తి కూడా "మార్గవ్వ" అనేది.

ఆమె చేసిన మంచిపని నాకు ఇన్నేళ్ళలో తట్టనిది. తల్లులు బడి మీటింగులకు రారు. వస్తే ఆ పూట బీడీలు పోతాయి. మేం ప్రతిసారీ కబురు పంపడం, రాలేదని తిట్టుకోవడం, ఇంతే. మార్గవ్వ సాయంత్రం పూట తానే వాళ్ళ దగ్గరకు వెళ్ళడం మొదలుపెట్టింది. షెహనాజ్ ఆపా ఇంటి అరుగు మీద వాడకట్టు ఆడవాళ్ళంతా చాటలు ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపి చుడుతూ కూర్చుంటారు. హిందువులూ ముస్లింలూ అందరిదీ అదే అరుగు. మార్గవ్వ కూడా ఒక చాట తీసుకుని కూర్చుంది. ఆమె చుట్టిన బీడీ చూసి ఆపా, "మార్గవ్వా, ఇది బీడీ గాదు, చుట్ట. గిది కార్ఖానల ఇస్తే సేటు నన్నే ఇంటికి పంపుతడు" అంది. అందరూ పడీ పడీ నవ్వారు. మార్గవ్వ అందరికన్నా ఎక్కువ నవ్వింది.

ఆ చాటల మధ్యనే పిల్లల సంగతులు మాట్లాడింది. సగం చేతులతో, సగం తనకొచ్చిన నాలుగు ముక్కల తెలుగుతో. నేను లేనప్పుడు పిల్లలే ఆమె మాట వాళ్ళకూ, వాళ్ళ మాట ఆమెకూ చెప్పేవాళ్ళు. వాళ్ళలో ముందుండేది శిరీష.

శిరీష సీటు

శిరీష ఏడో తరగతి. లెక్క చెబితే బోర్డు మీద రాసేలోపే జవాబు చెప్పే పిల్ల. వాళ్ళ నాన్న మస్కట్‌లో తాపీపని. అమ్మ నర్సవ్వ బీడీలు చుడుతుంది. ముక్కుసూటి మనిషి. ఏడో తరగతి అయిపోతే కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని బీడీలు నేర్పాలనుకుంది. మా దగ్గర ఆడపిల్లకు సంబంధం వస్తే ముందు అడిగేది బీడీలు చేస్తుందా అనే. అందుకని నర్సవ్వను నేను తప్పుపట్టను. కామారెడ్డి హాస్టల్‌కు పంపమని నేను ఏడాదంతా అడిగాను. "సూద్దాం తియ్యి టీచరమ్మా" అనేది. చూద్దాం అంటే వద్దని అర్థం.

ఆమెను ఒప్పించింది మార్గవ్వ. ఏమని ఒప్పించిందో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు. రోజూ పక్కన కూర్చుంది, అంతే. ఒక సాయంత్రం నర్సవ్వే చాట దించి, "సోమారం పోదాం టీచరమ్మా. పిల్లను సేర్పిద్దాం" అంది. శిరీష ఎగిరి గంతేసింది. సీటు ఎవరికీ ఇచ్చేయకుండా ఆపమని అడగడానికి శనివారం నేను కామారెడ్డి వెళ్ళాను. అడ్మిషన్లకు సోమవారమే ఆఖరు.

సాయంత్రం ఎల్లారెడ్డి బస్టాండులో దిగి, జిలేబీ పొట్లం కట్టించుకుని నేరుగా అరుగు దగ్గరకు పోయాను. "సీటు ఉందట!" అన్నాను గట్టిగా. ఒక్కరూ తలెత్తలేదు. శిరీష తలుపు వెనక నిలబడి ఏడుస్తోంది.

"ఏమైంది నర్సవ్వా?"

"ఏం గాలే. మా పిల్ల యాడికి రాదు. గిదే మాట."

షెహనాజ్ ఆపా తన ఫోన్ తీసి నా ముందు పెట్టింది. బడి వాట్సాప్ గ్రూపులో ఫోటో. బడి వంటగదిలో నీలం డ్రమ్ము. అందులోకి పసుపు బియ్యం పోస్తూ చీర కట్టుకున్న మార్గవ్వ, పక్కన చేతులు జోడించి మా ప్రసాదరావు గారు. కింద రాసిన మాట: మధ్యాహ్న భోజనానికి స్థానిక మహిళల బియ్యం విరాళం. అవి ఒడిబియ్యమని చూడగానే తెలిసింది.

మన వైపు కానివాళ్ళు ఇది చదివితే వాళ్ళకోసం చెబుతాను. పెళ్ళయిన ఆడబిడ్డ పుట్టింటి నుంచి బయలుదేరేటప్పుడు ఆమె కొంగులో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవికగుడ్డ పోసి నడుముకు కడతారు. అవే ఒడిబియ్యం. నువ్వు మా ఇంటి పిల్లవు, మళ్ళీ రావాలి అని దానర్థం. ఆ బియ్యం ఆమె తన ఇంట్లో వండి తనవాళ్ళకు పెట్టుకోవాలి. ఇంకొకరి చేతిలో పెట్టకూడదు.

మార్గవ్వ బుధవారం వెళ్ళిపోతుందని, ఆ శనివారం మధ్యాహ్నం నర్సవ్వ ఇంట్లో అందరూ కలిసి ఆమెకు ఒడిబియ్యం పోశారు. పెనిమిటి ఉన్నాడా అని ముందే కనుక్కున్నారట. ఉన్నాడు, టామ్ అని, ఎండంటే భయపడి రాలేదు. షెహనాజ్ ఆపా "మీ రివాజు మీరు చేయుండ్రి, గాజులు నేనేస్త" అని రెండు చేతులకూ గాజులు తొడిగింది. ఏం చేయాలో అందరూ ఒకేసారి చెప్పారు. మార్గవ్వ అన్నిటికీ తలూపింది. నిండు కొంగుతో బడికి వచ్చింది. అక్కడ, ఆ రోజు బడి చూడటానికి వచ్చిన సారు ఎదురయ్యారు. నియమం ఆమెకు గుర్తుంది. గోదావరి సారుకు ఒడిబియ్యం అంటే ఏమిటో తెలియదు. ఇద్దరూ నిజాయితీగా తీసుకెళ్ళి డ్రమ్ములో పోశారు. నేను ఆ పూట అక్కడ ఉండి ఉంటే ఇంత కథ లేదు.

"నాకన్నా పెద్దదయినా మా ఇంటి ఆడివిల్ల అనుకొని పోసినం" అంది నర్సవ్వ. "మేం బిచ్చమేసినట్టు ఫోన్ల ఎక్కిచ్చిండ్రు. మా బియ్యం ఇల్వ తెల్వనోళ్ళకు మా పిల్ల ఇల్వ ఏం దెలుస్తది? మీ చేతుల పెట్టి పంపన్నా?"

జిలేబీలు శిరీష చేతిలో పెట్టి వచ్చేశాను. ఆ పిల్ల వాటిని ముట్టుకోలేదు.

చాట ఇవ్వు

ఇలాంటప్పుడు క్షమాపణ చెప్పడం అందరికీ వచ్చు. మేం కూడా నోటితో చెప్పి ఊరుకుంటే శిరీష సోమవారం నుంచి బీడీలకు కూర్చునేది. నేను మార్గవ్వ గదికి వెళ్ళి అంతా వివరించాను. ఆమె పొద్దున బడి తాళం చెవి తెమ్మని మాత్రం అడిగింది. సారుకు ఫోన్ చేశాను. అటువైపు నుంచి "అయ్యో అయ్యో" తప్ప మాట రాలేదు.

ఆదివారం ఉదయం ముగ్గురం వంటగదిలో డ్రమ్ము మూత తీశాం. సారు మా మీది ప్రేమతో బియ్యాన్ని చక్కగా చదును చేసి, కుదిపి మరీ మూత పెట్టారు. పసుపు గింజలు తెల్లబియ్యంలో కలిసిపోయాయి. "ఇప్పుడెలాగండీ?" అన్నారు సారు. మార్గవ్వ నా వైపు చెయ్యి చాచింది. "చాట ఇవ్వు" అంది, తెలుగులోనే.

కింద కూర్చుని పసుపు గింజలు ఏరడం మొదలుపెట్టింది. నేనూ కూర్చున్నాను. ప్రసాదరావు గారు రెండు నిమిషాలు నిలబడి, ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని ఆయనా కూలబడ్డారు. చాట పట్టుకోవడం రాక బియ్యం ఒళ్ళో ఒంపుకున్నారు. 

"ఖర్జూరాలు, కుడుకలు ఎక్కడున్నాయి సార్?" అని అడిగాను.

"కుడుకలు ఆ అలమరాలో భద్రంగా ఉన్నాయండీ. ఖర్జూరాలు..." ఆయన తల వంచుకున్నారు. "పిల్లలకు పెట్టానండీ. ఒకటి నేను కూడా..."

నాకు నవ్వాగలేదు. ఆ నవ్వుకే బయట పోతున్న షెహనాజ్ ఆపా కిటికీలోంచి తొంగిచూసింది. ముగ్గురం, మూడు చాటలు, మా సారు ఒళ్ళో బియ్యం. "యా అల్లా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పరుగెత్తింది. కాసేపటికి వాడకట్టు మొత్తం వంటగది గుమ్మంలో ఉంది.

"సారూ, చాట గట్ల పట్టుకోరు. జర ఇటియ్యి" అంది ఒకామె. ఇంకొకామె తన చాటతో వచ్చి కూర్చుంది. చూస్తుండగానే వంటగది నిండిపోయింది. ఆ పూట ఎల్లారెడ్డిలో కొన్ని బీడీలు తగ్గి ఉంటాయి. నర్సవ్వ మాత్రం రాలేదు. నా కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి. సోమవారానికి ఇంకా ఒక్క రాత్రే ఉంది.

దాదాపు ఏరడం అయిపోయాక వచ్చింది, శిరీష చెయ్యి పట్టుకుని. నేరుగా పోయి మార్గవ్వ ముందున్న పసుపు బియ్యంలో చెయ్యి పెట్టి చూసింది. "ఇందుల ఇంక తెల్లయి ఉన్నయ్" అంది. అక్కడే కూర్చుని తెల్లగింజలు ఏరి పక్కన వేయసాగింది. మార్గవ్వ ఆమె భుజం మీద తల పెట్టింది. నర్సవ్వ చెయ్యి ఆపలేదు గానీ భుజం కూడా జరపలేదు. అంతటితో నా ప్రాణం కుదుటపడింది.

ఎవరి ఇంట్లో వండాలి?

బియ్యం ఏరాం సరే, మార్గవ్వ ఇల్లు స్కాట్లాండ్‌లో ఉంది. వండేదెక్కడ? దీని మీద పెద్ద చర్చ జరిగింది. విమానంలో పంపాలని ఒకరు, అక్కడ కట్టెల పొయ్యి ఉంటుందో లేదో అని ఇంకొకరు. షెహనాజ్ ఆపా తేల్చేసింది. "గిన్ని నెలలు ఆ కిరాయి అర్రలనే ఉన్నది గదా. గదే ఆమె ఇల్లు. వండుమనుండ్రి."

"మొగడు లేకుంట ఎట్ల?" అని ఎవరో అన్నారు. మార్గవ్వ టామ్‌కు వీడియో కాల్ చేసింది. అక్కడ ఇంకా తెల్లవారుతోందట. జుట్టు చెదిరిన పెద్దమనిషి నిద్రకళ్ళతో తెరలోకి వచ్చాడు. ఆయన్ను ఉప్పు డబ్బాకు ఆనించి పొయ్యి పక్కన పెట్టారు. వంట అయ్యేదాకా ఆయన అలాగే అన్నం కుండను చూస్తూ కూర్చున్నాడు.

అన్నం ముద్దయింది. పప్పులో ఉప్పు లేదు. ఆడవాళ్ళందరూ ఆ చిన్న గదిలో, వరండాలో బంతిగా కూర్చున్నారు. మార్గవ్వ మొదటి విస్తరి నర్సవ్వకు వేసింది. నర్సవ్వ ఒక ముద్ద తిని, ఉప్పు డబ్బా అందుకుంది. టామ్ వెల్లకిలా పడ్డాడు. అందరూ ఘొల్లున నవ్వారు.

"మనం బీడీలు నేర్పినం గని వంట నేర్పలే" అంది నర్సవ్వ, ఉప్పు కలుపుకుంటూ. తర్వాత నా వైపు తిరిగింది. "టీచరమ్మా, రేపు కామారెడ్డికి మొదటి బస్సు ఎన్నింటికి?"

ఆ బస్సులో ముప్పై ఏళ్ళు తిరిగినదాన్ని, టైము గుర్తురాలేదు. శిరీషే చెప్పింది.

మా సారు ఆ రోజు ఒక్క ఫోటో కూడా తీయలేదు. సాయంత్రం గ్రూపులో పాత ఫోటో తీసేసి, జరిగింది ఇదీ, తెలియక చేసిన తప్పు నాది అని రాశారు. బాసుల్లో రకరకాల వాళ్ళ కింద పనిచేశాను. ఒళ్ళో బియ్యం ఒంపుకుని కింద కూర్చోగలిగినవాడు ఆయనొక్కడే. నీకు అట్లాంటి బాసు దొరికితే ఫోటోల పిచ్చి కొంచెం ఓర్చుకో.

మూడో ఏడు

ఇక అమ్మాయీ, నువ్వడిగినదానికి నా జవాబు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు, దోమతెర, పాఠాల పట్టిక ఎవరైనా ఏర్పాటు చేస్తారు. నీ అసలు పని, ఊరివాళ్ళు ఇచ్చేది కానుకో, చుట్టరికమో ఆ క్షణంలో వచ్చినవాళ్ళకు చెప్పగలగడం. అందుకు నువ్వు అక్కడ ఉండాలి. ఆఫీసు పనులు ఇంకో రోజు చేసుకోవచ్చు.

ఒడిబియ్యం ఒకసారి పోసి వదిలేసేది కాదు. మూడో ఏడు మళ్ళీ పోయాలి. ఆ మాట నర్సవ్వ వీడియో కాల్‌లో ప్రతి పండక్కీ గుర్తుచేసేది. మార్గవ్వ నిజంగానే వచ్చింది, ఈసారి టామ్‌ను వెంటబెట్టుకుని. ఆయన గొడుగు కిందే నడిచాడు గానీ ఫిర్యాదు చేయలేదు. శిరీష హాస్టల్ నుంచి సెలవు మీద వచ్చింది. అప్పటికి పదో తరగతి.

నర్సవ్వ ఇంట్లో మార్గవ్వను పీట మీద కూర్చోబెట్టి కొంగు పరిచారు. ఆమె ఏదో అడిగింది. ఇన్నేళ్ళ అలవాటు, నేను తెలుగులో చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే శిరీష చెప్పేసింది. నర్సవ్వ జవాబిచ్చింది, అది కూడా శిరీష ఇంగ్లీషులో చెప్పేసింది, తడబాటు లేకుండా, నాకన్నా బాగా. టామ్ ఖర్జూరాల గురించి అడిగితే వాటిని ఎవరు తిన్నారో కూడా చెప్పింది. నేను తెరిచిన నోరు తెరిచినట్టే నిలబడ్డాను.

నర్సవ్వ నన్ను చూసి నవ్వింది. తన పక్కనున్న చాట జరిపి చోటు చేసింది.

"నువ్వు కూసో టీచరమ్మా. ఇగ మా పిల్ల చెప్తది."